అందరి బియ్యంలో నా రాళ్లు

నా చిన్నప్పుడు నేను దేవుడికి పెద్దగా భయపడలేదు గానీ, దేవుడి ఇంట్లో వంట చేసే మనిషికి మాత్రం భయపడ్డాను. భయమంటే ఉత్త భయం కాదు, ఒళ్లు మండే భయం. ఆమె కనిపిస్తే చాలు, పళ్లు నూరుకునేదాన్ని. పిల్లలందరం ఎదురుగా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం, ఆమె అటు తిరగగానే మిరపకాయ పెద్దమ్మ అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే. ఈ వయసులో ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. పేరు బాగానే కుదిరింది.

మేముండేది నాచారంలో. ఇప్పుడంటే అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, అడుగు తీసి అడుగు వేయనివ్వని కార్లు. అప్పుడు మాత్రం ఫ్యాక్టరీల సైరన్లను బట్టి మా అమ్మ అన్నం వార్చేది. మా నాన్న జనగామ వైపు నుంచి వచ్చి ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మా వాడకట్టు చివర రేకుల కప్పు చర్చి ఒకటి ఉండేది. బోర్డు మీద ప్రెస్బిటేరియన్ సంఘం అని రాసి ఉండేది. మాలో సగం మందికి ఆ మాట నోరు తిరిగేది కాదు, అందుకని రేకుల గుడి అనేవాళ్లం. మే నెలలో పది రోజులు అక్కడ సెలవుల బడి జరిగేది. పాటలు, కథలు, రంగు బొమ్మల కార్డులు, మధ్యాహ్నం భోజనం. సంఘం పిల్లలే కాదు, చుట్టుపక్కల పిల్లలంతా వచ్చేవారు. సగం మంది పాటలకు వస్తే సగం మంది పప్పుచారుకు వచ్చేవారు. అందులో తప్పేముంది?

ఆ భోజనానికి బియ్యం మా ఇళ్లనుంచే వచ్చేవి. మా సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలుచుకున్నాక, అందులోంచి ఒక్క పిడికెడు తీసి దేవుడి సంచిలో వేసేవారు. ఇంటికొక సంచి. కొందరిది పాత లంగా గుడ్డ, కొందరిది దుప్పటి ముక్క. మాది మా నాన్న చిరిగిన ఖాకీ చొక్కాతో కుట్టింది. వేసవి వచ్చేసరికి ఆ సంచులు నిండేవి. సెలవుల బడి మొదటి రోజున పిల్లలం ఎవరి సంచి వాళ్లం తీసుకెళ్లి వంట దగ్గర పెద్దమ్మకు ఇవ్వాలి.

నాకు పదేళ్లు నిండిన ఆ వేసవిలో నాన్న ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. లాకౌటు అన్నారు. మా నాన్న అభిమానం గల మనిషి. చర్లపల్లిలో వేరే పని దొరికిందని వాడకట్టులో అందరికీ చెప్పుకున్నాడు. రోజూ ఖాకీ బట్టలు వేసుకుని, టిఫిన్ డబ్బా చేతబట్టుకుని, అందరూ చూస్తుండగా పోయేవాడు. ఆ డబ్బా ఖాళీదని మా ఇంట్లోవాళ్లకే తెలుసు. ఎక్కడైనా కూలి దొరికితే దొరికినట్టు, లేకపోతే సాయంత్రం దాకా ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవాడు. మా ఇంట్లో పగటి పొయ్యి ఆగిపోయింది. సాయంత్రం ఒక్క పూట, అదీ గంజి.

అమ్మ నన్ను మూలకు పిలిచి గదమాయించింది. "మనింట్ల పొయ్యి ఎలుగుతలేదని బయట ఎవరికన్న తెల్సిందో, మీ నాయిన మొఖమెత్తుకొని తిరగడు. నోరు మూసుకొని ఉండు." నోరు మూసుకున్నాను. కానీ అదే అమ్మ, ఆ గంజి బియ్యంలోంచి కూడా పిడికెడు తీసి ఖాకీ సంచిలో వేస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. నాలుగేళ్ల తమ్ముడు పగలంతా బియ్యం డబ్బా చుట్టూ తిరిగేవాడు. దేవుడికి మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా బియ్యం దొరకలేదా? పోనీ, సెలవుల బడిలో తింటాడులే అనుకుందామంటే, ఆరేళ్లు నిండని పిల్లలను రానిచ్చేవారు కాదు.

అందుకే ఒక పని చేశాను. మా వాడకట్టు వెనక మొజాయిక్ పలకలు చేసే షెడ్డు ఉండేది. పలకల్లో వేసే చలువరాతి ముక్కలు అక్కడ గుట్టలుగా పోసి ఉండేవి. అందులో బియ్యపు గింజంతవి, తెల్లగా ఉన్నవి కూర్చుని ఒక పూటంతా ఏరాను. సెలవుల బడి మొదలయ్యే పొద్దున అమ్మ నీళ్లకు పోగానే సంచిలో బియ్యమంతా మా డబ్బాలో పోసేశాను. సంచి నిండా రాళ్లు నింపి, పైన కనపడేటట్టు పిడికెడు బియ్యం చల్లాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. తినేవాళ్ల పళ్లు ఏమవుతాయన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు. అబద్ధమెందుకు, వచ్చినా మానేదాన్ని కాదు.

చర్చి వెనక మూడు రాళ్ల పొయ్యిలు రెండు. పెద్దమ్మ అక్కడ గోనెపట్టాలు పరిచి, వచ్చిన సంచి వచ్చినట్టు విప్పి చూసి, బియ్యాన్ని రెండు కుప్పలుగా పోస్తోంది. దొడ్డు బియ్యం ఒక కుప్ప, సన్న బియ్యం ఒక కుప్ప. అన్ని ఇళ్ల బియ్యం ఒకటి కాదు కదా. కలిపి వండితే సన్నవి ముద్దయ్యేసరికి దొడ్డువి పలుకుగానే ఉంటాయి. అందుకని ఆమె దొడ్డువి ముందు ఎసట్లో వేసి, అవి సగం ఉడికాక సన్నవి వేసేది. అట్లా ఒకే గిన్నెలో అన్ని ఇళ్ల అన్నం ఒక్కసారే ఉడికేది. ఈ సంగతంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, సంచులన్నీ చూడకుండా ఒక డ్రమ్ములో కుమ్మరిస్తారనుకుని పోయాను.

వరుసలో నా వంతు వచ్చింది. పక్కనే సెలవుల బడి నడిపే టీచరమ్మ నిలబడి ఉంది. కోస్తా వైపు నుంచి వచ్చిన ఆమె, తెల్ల చీర, చక్కెర లాంటి మాట. పెద్దమ్మ నా ఖాకీ సంచిని చేతిలోకి తీసుకుని ఆగింది. బియ్యానికి అంత బరువు ఉండదు. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. ఆమె మూతి విప్పి, వేళ్లు లోపలికి పోనిచ్చి, నా మొహం చూసింది. దొంగ అని అరుస్తుంది, అమ్మను పిలిపిస్తారు, ఎందుకు చేశావని అడుగుతారు, అంతా బయటపడుతుంది, నాన్న పరువు ఇవాళ్టితో సరి అనుకున్నాను.

పెద్దమ్మ ఆ సంచిని గబుక్కున దొడ్డు బియ్యం కుప్ప మీద బోర్లించి, రెండు చేతులతో కలిపేసింది. అందరి బియ్యంలో నా రాళ్లు కలిసిపోయాయి. ఎన్ని రాళ్లో, ఎన్ని గింజలో ఇంక ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత నోరు తెరిచింది చూడండి!

"ఏందే పొల్లా, గిన్ని రాళ్లా? మీ ఇంట్ల బియ్యం ఏరుడు ఎవలకు రాదా? కండ్లు నెత్తికెక్కినయా? మంచి బియ్యమంత కరాబు జేస్తివి గదనే!"

టీచరమ్మ తొంగిచూసి, "అయ్యో పెద్దమ్మా, చిన్నపిల్ల, ఏదో చూసుకోలేదు, వదిలేయండి" అంది.

"వదిలేస్తే పండ్లు రాలేది మీకేనమ్మా. గీ పది దినాలు పాటల్లేవు, బొమ్మల్లేవు దీనికి. ఈడనే కూసొని ఏరాలె. ఒక్క రాయి అన్నంల వచ్చిందో, దీని ఈపు సాపే."

పిల్లలందరూ నవ్వారు. తల తీసేసినట్టయింది నాకు. దొంగతనం బయటపడనందుకు సంతోషించాలన్న బుద్ధి ఎక్కడిది? నా రంగు బొమ్మల కార్డులు పోయాయి, అదొక్కటే బాధ. లోపల హాల్లో పాటలు మొదలయ్యాయి. నేను బయట పొయ్యి సెగలో, మే నెల ఎండలో, చాట ముందేసుకుని నా రాళ్లను నేనే ఏరుకుంటూ కూర్చున్నాను. ఆమెను ఎన్ని శాపనార్థాలు పెట్టానో నాకే తెలుసు.

కాసేపటికి ఆమె పొయ్యి ఊదుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "ఆ సంచిల బియ్యం యాడవాయె?"

నేను రాళ్లు ఏరుతూనే ఉన్నాను. అరుస్తుందేమో అనుకున్నాను, అరవలేదు. ఊదుగొట్టం పక్కన పెట్టి కూర్చుంది. చివరికి నేనే, "మా డబ్బాల పోసిన" అన్నాను.

"తమ్మునికెన్నేండ్లు?"

"నాలుగు."

ఆమె లేచి, గరిటెతో గిన్నె మీద ఠంగుమని ఒక దెబ్బ కొట్టి, పప్పు అడుగంటుతోందని ఎవరినో తిట్టడానికి పోయింది.

ఆ మధ్యాహ్నం పిల్లలందరూ బంతిలో కూర్చుని తిన్నారు. వంట దగ్గర పనిచేసేవాళ్లు ఆఖరున తినాలట, నేనూ అట్లాగే తిన్నాను. తిని చేయి కడుక్కునేసరికి ఆమె ఒక మసి పట్టిన గిన్నెకు మూత బిగించి నా ముందు పడేసింది. "ఏరుడు అయిపోంగనే అయిపోలె. ఈ బగోన ఇంటికి తీస్కపోయి తోమి తే. రేపు పొద్దుగాల అద్దంలెక్క మెరవాలె. దార్ల మూత తీసినవో, కాళ్లు ఇరగ్గొడ్త."

నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ మసి గిన్నెను నెత్తిన పెట్టుకుని, నా ఒక్క మంచి లంగా మీద మసి చారలు పడుతుంటే, వాడకట్టంతా చూస్తుండగా నడిచాను. చింతపండు లేదు, బూడిద లేదు, ఏం పెట్టి తోమాలి? దారిలో ఒకావిడ, "ఏందమ్మా, చర్చిల పని పెట్టిండ్రా?" అని అడిగి నవ్వింది. ఆ గిన్నెను అక్కడే మురుగు మోరీలో పారేద్దామనిపించింది.

ఇంటికి పోయి విసురుగా అమ్మ ముందు పడేశాను. అమ్మ మూత తీసింది. పైన మాడిన అన్నం చెక్క పరిచి ఉంది. అమ్మ దాన్ని గరిటెతో ఎత్తి చూసింది. కింద తెల్లటి అన్నం. ఒక పక్కన ఆకులో చుట్టిన ముద్దపప్పు. ముగ్గురికి సరిపోను.

పొద్దున డబ్బాలో బియ్యం ఎట్లా పెరిగాయో అమ్మ అడగలేదు. ముందు తమ్ముడికి పెట్టింది. వాడు రెండు చేతులతో తిన్నాడు. నాన్న వాటా తీసి మూత పెట్టింది, మిగిలింది తను తిన్నది. తర్వాత ఎక్కడినుంచో బూడిద తెచ్చి, నన్ను ముట్టుకోనివ్వకుండా ఆ గిన్నెను తోమింది, తోమింది, తోముతూనే ఉంది. సాయంత్రం నాన్న అడిగితే, "అడుగుల మిగిలిందట" అని ఒక్క మాట చెప్పింది. నాన్న గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నాడు.

పది రోజులూ అంతే. రోజూ తిట్లు, రోజూ ఏరుడు, రోజూ మసి గిన్నె. మీరు నమ్మరుగానీ, గిన్నెలో ఏముందో తెలిసిన తర్వాత కూడా ఆమె మీద నా కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గుతుంది? ఒక్క రోజు కూడా మంచిగా మాట్లాడలేదు. చాట పట్టుకోవడం రాదంది, నా నడక ఎద్దు నడక అంది, ఇంత బద్ధకపు పిల్లను కన్న మా అమ్మను అనాలంది. నేను కూడా ఊరుకోలేదు. ఎదురుగా మూతి తిప్పేదాన్ని, చాటుగా ఆమె ముక్కుపొడిని దాచేసేదాన్ని. వాడకట్టులో అందరికీ నేను పెద్దమ్మ చేతికి చిక్కిన పిల్లను, అంతే. గిన్నెలు తోమే పిల్లను చూసి, వీళ్లింట్లో అన్నం లేదని ఎవరనుకుంటారు?

తొమ్మిదో రోజున టీచరమ్మ పొయ్యి దగ్గరకు వచ్చింది. ఆఖరు రోజు మీటింగులో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు బియ్యం సంచులు ఇద్దామని సంఘపెద్దలు అనుకున్నారట. "పెద్దమ్మా, అన్ని ఇళ్ల బియ్యమూ మీ చేతుల మీదుగానే వస్తాయి కదండీ. ఎవరింట్లో కష్టంగా ఉందో మీకు తెలియకుండా ఉంటుందా? నాలుగు పేర్లు చెప్పండి. ముందుకు పిలిచి, ప్రార్థన చేసి ఇద్దాం. అందరికీ సాక్ష్యంగా ఉంటుంది."

నా చేతిలో చాట ఆగిపోయింది. పెద్దమ్మ నా వైపు చూడలేదు. పప్పు కలుపుతూ, "నాకు బియ్యం తెల్సమ్మా. పేర్లు తెల్వయి" అంది.

"అదేమిటండీ, సహాయం చేద్దామనే కదా అడుగుతున్నాను."

"సాయం జేస్తే జేయుండ్రి. పేర్లు నన్నడగకుండ్రి. జర జరుగు, సెగ తగుల్తది."

టీచరమ్మ మొహం ఎర్రబడింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇప్పుడు చెప్పగలను. పిల్లలకు జ్వరం వస్తే తన చేత్తో మందు వేసేది. కానీ ఒకరికి ఇచ్చేది నలుగురూ చూడాలని ఆమెకు ఉండేది. నలుగురూ చూస్తుంటే పుచ్చుకోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు.

ఆఖరు రోజు హాలు నిండా జనం. మా అమ్మ ఆడవాళ్ల వరుసలో, నేను ఆమె పక్కన. పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మొదటి పేరు మాకు తెలియనివాళ్లది. రెండో పేరు మా పక్కింటి అక్కది. ఆమె భర్తది కూడా మా నాన్న ఫ్యాక్టరీయే. ఎవరో చెప్పినట్టున్నారు. అక్క కొంగు తలమీదికి లాక్కుని, నేలకేసి చూస్తూ ముందుకు నడిచింది. ఆమె చేతిలో సంచి పెట్టి, టీచరమ్మ ప్రేమగా భుజం మీద చేయి వేసి, చాలాసేపు ప్రార్థన చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందురోజు దాకా నాతో గవ్వలాడిన ఆమె చిన్న కూతురు, ఆ చప్పట్లకు బిక్కచచ్చిపోయి నిలబడింది. అమ్మ నా జబ్బ పట్టుకుంది. ఇంకో పేరు పిలిచారు. అమ్మ గోళ్లు లోపలికి దిగాయి. అది మాది కాదు. ఆ తర్వాత ఆమెన్ అన్నారు. అప్పటికి గానీ అమ్మ నా చేయి వదల్లేదు.

హాలు గుమ్మం దగ్గర పెద్దమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆ క్షణాన నాకు తెలిసింది. ఆమె మొదటి రోజున నా సంచిని అందరి బియ్యంలో ఎందుకు బోర్లించిందో, నన్ను అంతమందిలో ఎందుకు తిట్టిందో. చిన్న తప్పుకు గట్టిగా తిట్టి పెద్ద తప్పును కప్పేసింది. అన్నం పెట్టి, ఆ అన్నానికి నేను తలవంచకుండా నా చేత పని చేయించింది, పైగా తనను తిట్టుకోనిచ్చింది. పక్కింటి అక్క ఆ రోజునుంచి టీచరమ్మ ఎదురైతే నవ్వాల్సి వచ్చేది. నాకు ఆ ఖర్మ పట్టలేదు. పెద్దమ్మ ఎదురైతే నేను దర్జాగా మూతి తిప్పుకుని పోవచ్చు.

అందరి సంచులూ తిరిగి ఇచ్చేటప్పుడు నా ఖాకీ సంచి బరువుగా తగిలింది. విప్పి చూస్తే నా రాళ్లు. కడిగి ఆరబెట్టి ఉన్నాయి. "మల్ల ఈ సంచిల ఏం తెస్తవో నీ ఇష్టం" అని, పెద్దమ్మ వెనక్కి చూడకుండా పోయింది.

వానలు పడ్డాక ఫ్యాక్టరీ గేటు తెరిచారు. మరుసటి వేసవిలో నేను ఆ సంచి నిండా బియ్యం తీసుకెళ్లాను. రెండుసార్లు ఏరాను. ఆమె వేలితో కదిపి చూసి, "నూకలెక్కువున్నయి" అని సణిగింది. ఆమె కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా నేను ఆమెకు కృతజ్ఞత చెప్పలేదు. చెబితే గరిటెతో కొట్టేది.

ఇప్పుడు రేకుల గుడి లేదు, రెండంతస్తుల చర్చి వచ్చింది. వేసవిలో సెలవుల బడికి మైకులు, స్క్రీను. ఉప్పల్ రోడ్డు మీద మజ్జిగ, అంబలి పోస్తాం, ఇక్కడ రోజూ మధ్యాహ్నం భోజనం పెడతాం. వంట నాది. ఒకే రంగు టీషర్టులు వేసుకుని వడ్డించే మా సంఘం పిల్లలు నా వెనక నన్నేమంటారో నాకు తెలుసు. పేరు మారింది గానీ కారం తగ్గలేదు.

ఈ వేసవిలో ఒక పొద్దున, వెనక కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గర రేకుల షెడ్డులో ఉండే ఒక అమ్మాయి గేటు దగ్గరకొచ్చి నిలబడింది. చంకలో పిల్లాడు. మేస్త్రీ పనికి పోయే ఆమె భర్త కాలు విరిగి మంచాన పడ్డాడని వాచ్‌మన్ చెప్పాడు. లోపలికి రాదు, వెళ్లిపోదు. మా కుర్రాడు ఒకడు, పాపం మంచివాడే, అన్నం పొట్లం పట్టుకుని, ఇచ్చేది ఫొటో తీయడానికి ఒక చేత్తో ఫోను పైకెత్తాడు. ఆ ఫోను లాక్కుని నా కొంగున ముడేశాను.

ఇప్పటి బియ్యంలో రాళ్లుండవు. మిషన్లు ఏరి పంపుతాయి. నేను వంటగదిలోకి పోయి, ఆనాటి రాళ్లు దాచుకున్న ఖాకీ సంచిని గూట్లోంచి తీసి, గుప్పెడు రాళ్లు లెక్కపెట్టి చాటెడు బియ్యంలో కలిపాను. తెచ్చి ఆమె ముందు ఠపీమని పెట్టాను.

"ఏందమ్మా, గేటుకు కావలి ఉన్నవా? రెండు చేతులున్నయి గద. ఇండ్ల నలభై రాళ్లున్నయి, అన్నీ ఏరాలె. ఒక్కటి తప్పినా ఊకోను. అయినంక బగోన తీస్కపోయి తోమి తేవాలె."

ఆ పిల్ల నన్ను నమిలి మింగేసేలా చూసింది. ముసలిదానికి ఎంత పొగరు అని లోపల అనుకునే ఉంటుంది. పిల్లాణ్ణి కింద దించి, చాట ముందేసుకుని కూర్చుంది. పన్నెండింటికి మూత బిగించిన మసి గిన్నె నెత్తిన పెట్టుకుని, గేటు దాటేదాకా గొణుగుతూనే పోయింది. నేను గుమ్మంలో కూర్చుని ఆమె ఏరిపెట్టిన రాళ్లు లెక్క చూసుకున్నాను. నలభై. అన్నీ ఉన్నాయి.